అంబాసిడర్‌ని డైనో ఎక్కించా: ఎనిమిది హార్స్ పవర్ కోసం అన్ని వేలా?

ముందే చెప్పేస్తున్నా, డైనో మీద, అంటే చక్రాల్ని రోలర్ల మీద తిప్పి పవర్ కొలిచే మిషన్ మీద, నా బండికి పెరిగింది ఎనిమిది హార్స్ పవరే. చక్రాల దగ్గర 71 ఉన్నది 79 అయింది, అంతే. ఈ మాట చెప్తే మా వాళ్ళంతా "అంతేనా, దానికి అన్ని వేలు పోశావా" అన్నారు, వాళ్ళని అనడానికి లేదు, బయటి నుంచి చూస్తే అట్లానే కనిపిస్తది. కానీ రేపు మళ్ళీ పొమ్మన్నా పోతా. ఎందుకో చెప్తా, ఆ షాపులో చిరాకు తెప్పించినవి కూడా చెప్తా. షాపు పేరు మాత్రం రాయట్లేదు, ఎందుకంటే పాత కార్బొరేటర్ బండ్లు వాళ్ళ రోజువారీ పని కాదు, వాళ్ళు రోజూ చేసేది పోలో, ఆక్టేవియా లాంటి టర్బో బండ్లకి ల్యాప్‌టాప్ పెట్టి రీమ్యాప్ కొట్టడం, అంటే ఇంజన్ కంప్యూటర్‌లో సెట్టింగులు మార్చడం. నా ఒక్క వింత బండిని పట్టుకుని వాళ్ళకి స్టార్లు ఇస్తే న్యాయం కాదు. సిటీ శివార్లలో ఇండస్ట్రియల్ షెడ్డు, లోపల నేలలో దించిన రోలర్లు, పక్కన ఏసీ రూము, కంప్యూటరు. అంతవరకు చాలు.

బండి సంగతి చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. 70ల నాటి మార్క్ 2 అంబాసిడర్ బాడీ, అందులో కాంటెస్సా నుంచి తీసిన ఇసుజు 1.8 పెట్రోల్ ఇంజన్, దాని 5 గేర్ల బాక్సే. మార్క్ 2కి కంపెనీ ఇచ్చింది బీఎంసీ 1489 సీసీ ఇంజన్, పాపం మంచిదే కానీ దాంతో ఎవరినీ ఓవర్‌టేక్ చేసే ఆశ పెట్టుకోకూడదు. ఇసుజు 1817 సీసీ, పైగా 90లలో హిందుస్థాన్ మోటార్స్ వాళ్ళే ఇదే ఇంజన్ని అంబాసిడర్‌లో పెట్టి అమ్మారు కాబట్టి నేనేదో ప్రకృతి విరుద్ధమైన పని చేశానని తిట్టకండి. అమెరికాలో హాట్ రాడ్ కథ కూడా ఇదే కదా, 30లలో కాలిఫోర్నియా కుర్రాళ్ళు పాత ఫోర్డు బాడీ తెచ్చి, మడ్‌గార్డులు పీకేసి, ఇంజన్ గట్టిది చేసి, ఎండిపోయిన సరస్సుల మీద ఎవడిది స్పీడో తేల్చుకునేవాళ్ళు, 1937లో దానికి ఎస్‌సీటీఏ అని ఒక సంఘం కూడా పెట్టుకున్నారు. వాళ్ళకి 1932 ఫోర్డు దొరికింది, మనకి అంబాసిడర్ దొరికింది. నేను మడ్‌గార్డులు పీకలేదు లెండి, ముందు బంపర్ తీసేశా, సస్పెన్షన్ కొంచెం దించా.

ఇంటి వెనక రేకుల షెడ్డులోనే కట్టాను. డెంటింగ్, పెయింటింగ్ తప్ప దాదాపు అన్నీ ఇంట్లోనే. ఇన్‌టేక్ మానిఫోల్డ్ బాలానగర్‌లో ఒక లేత్ ఆయన చేసిచ్చాడు, దాని మీద రెండు వెబర్ 40 డీసీఓఈ కార్బొరేటర్లు, అంటే ఒక్కో సిలిండర్‌కి ఒక్కో గొంతు. మైలేజ్ అడక్కండి.

ట్యూనింగ్ మొత్తం మా ఉస్తాద్ చేతి మీద అయింది. ఆయన గురించి ఒక్క మాట చెడ్డగా రాయను, నలభై ఏళ్ళుగా కార్బొరేటర్లే పట్టుకున్న మనిషి, సైలెన్సర్ దగ్గర అరచెయ్యి పెట్టి ఏ సిలిండర్ మిస్సింగ్ కొడుతుందో చెప్పేస్తాడు. కానీ ఒక జబ్బు మాత్రం ఆయనకీ దొరకలేదు. సెకండ్ గేర్‌లో ఫ్లైఓవర్ ఎక్కుతూ 3000 ఆర్‌పీఎం దగ్గర యాక్సిలరేటర్ తొక్కితే బండి ఒక్క సెకను చచ్చిపోయి, తర్వాత ఒక్కసారిగా ఎగురుతది. ప్లగ్గులు విప్పి చూస్తే నల్లగా మసి. మసి అంటే పెట్రోల్ ఎక్కువ పోతున్నట్టు, మరి పెట్రోల్ ఎక్కువైతే తగ్గించాలి, తగ్గిస్తే ఈ చచ్చిపోయే జబ్బు ఇంకా పెరుగుతది. "పెట్రోల్ పోనివ్వు సాబ్, పోతేనే పికప్" అని ఉస్తాద్ మెయిన్ జెట్లు (కార్బొరేటర్‌లో పెట్రోల్ కొలిచి వదిలే సన్న బొక్క ముక్కలు) 140 సైజువి వేసి వదిలేశాడు. జబ్బు అట్లానే ఉంది, మసి ఇంకా పెరిగింది.

డైనో అసలు పనికొచ్చేది ఇక్కడ. పవర్ నంబర్ ప్రింట్ తీసి గోడకి అంటించుకోవడానికి కాదు. ప్లగ్గు మీద మసి అనేది మీరు నడిపిన మొత్తం నడక జాడ, ఐడిల్లో ఎంత, పైన ఎంత, మధ్యలో ఎంత అని విడివిడిగా చెప్పదు. డైనో మీద వెనక చక్రాలు రోలర్ల మీద తిరుగుతుంటే, సైలెన్సర్ పైపులో పెట్టిన వైడ్‌బ్యాండ్ సెన్సర్ ప్రతి ఆర్‌పీఎం దగ్గర గాలి ఎంత పెట్రోల్ ఎంత అని గీత గీస్తది. రోడ్డు మీద ఆ 3000 దగ్గర మీరు ఉండేది అర సెకను, ముందు ఆటో, వెనక బస్సు, అప్పుడు మీటర్ చూడాలా రోడ్డు చూడాలా. రోలర్ల మీద అదే 3000 దగ్గర లోడ్ పెట్టి ఆపి ఉంచొచ్చు. మీరు వెళ్ళే డైనోలో ఈ లోడ్ పెట్టే సదుపాయం ఉందో లేదో ముందే అడగండి, కొన్నింట్లో బరువైన డ్రమ్ తిప్పి అది ఎంత వేగంగా స్పీడ్ అందుకుంటుందో చూసి పవర్ లెక్కకట్టడమే ఉంటది, పీక్ నంబర్‌కి అది చాలు కానీ కార్బొరేటర్ ట్యూనింగ్‌కి లోడ్ పట్టి ఉంచేదే కావాలి.

ట్యూనర్ కుర్రాడు నాకంటే చాలా చిన్న, పాతికేళ్ళు ఉంటాయేమో. బండిని చూసి నవ్వుతాడేమో అనుకున్నా, నవ్వలేదు, బానెట్ ఎత్తి చాలాసేపు చూశాడు. "అన్నా, ఫస్ట్ ఏం ముట్టుకోవద్దు, ఉన్నది ఉన్నట్టు కొడదాం" అన్నాడు. అక్కడే నాకు నమ్మకం కుదిరింది. వచ్చీ రాగానే స్క్రూలు తిప్పేవాడైతే పొద్దుటి బండికీ సాయంత్రం బండికీ తేడా ఎట్లా తెలుస్తది.

ఫోర్త్ గేర్‌లో కొడతారు, ఎందుకంటే అందులో ఇంజన్ ఒక చుట్టు తిరిగితే ప్రొపెల్లర్ షాఫ్ట్ కూడా ఒక చుట్టే, గేర్ బాక్స్ మధ్యలో దూరి లెక్క మార్చదు. మొదటి పుల్, అంటే ఫుల్ యాక్సిలరేటర్‌తో ఒక పరుగు, అయ్యాక స్క్రీన్ మీద గీత చూస్తే విషయం బయటపడింది. 2700 నుంచి 3300 మధ్య మిక్స్చర్ ఒక్కసారిగా పల్చబడి పెట్రోల్ స్కేల్ మీద (ఒక వంతు పెట్రోల్‌కి ఎన్ని వంతుల గాలి అనే లెక్క, ఎక్కువైతే పెట్రోల్ తక్కువైనట్టు) 16 దాటుతుంది, టార్క్ (ఇంజన్ లాగే బలం) గీతలో సరిగ్గా అక్కడే గుంత. 4500 దాటాక మాత్రం 11 కిందకి దిగిపోతుంది, అంటే పైన పెట్రోల్ తాగి తాగి మసి కక్కుతుంది. ప్లగ్గులు నల్లబడటానికి కారణం పైన, బండి చచ్చిపోవడానికి కారణం మధ్యలో, రెండూ ఒకే ఇంజన్లో ఉన్నాయి. చేత్తో, చెవితో ఇది పట్టుకోవడం ఎవరి వల్లా కాదు, ఉస్తాద్ వల్ల కాలేదంటే తప్పు ఆయనది కాదు.

వెబర్ డీసీఓఈ తెలిసినవాళ్ళకి ఈపాటికి అర్థమైపోయి ఉంటది. వీటిల్లో ఐడిల్ జెట్ పేరుకే ఐడిల్, నిజానికి సుమారు 3000 వరకు బండిని లాగేది అదే, ఆ తర్వాతే మెయిన్ జెట్ అందుకుంటది. ఒకళ్ళ చేతిలోంచి ఇంకొకళ్ళ చేతిలోకి బిందె మారేటప్పుడు నీళ్ళు ఒలికినట్టు, ఆ మార్పు దగ్గరే నా బండి తడబడుతుంది. సిటీలో మనం తిరిగేదంతా ఐడిల్ జెట్ మీదే, మనవాళ్ళు మార్చేదేమో మెయిన్ జెట్టు.

ఐడిల్ జెట్లు 50 తీసి 55 వేశాడు. గుంత సగం పూడింది. తర్వాత మెయిన్ 140 నుంచి 130కి దించాడు. లోపల వెంచురీ (గొంతులో గాలి పోయే ఇరుకు చోటు) సైజు 32, దానికి నాలుగింతలు అంటే 128, మెయిన్ జెట్ అక్కడి నుంచి మొదలుపెట్టమని వెబర్ వాళ్ళ దగ్గర ఎప్పటి నుంచో ఉన్న మోటు లెక్క, 130 అంటే దాదాపు అదే. తర్వాత ఎయిర్ కరెక్టర్లు (మెయిన్ జెట్ పెట్రోల్‌లో గాలి కలిపే జెట్లు) 180 నుంచి 190 చేస్తే పైన ఉన్న మసి కూడా పోయింది. చివరికి ఫుల్ త్రాటిల్‌లో గీత 12.7 చుట్టూ దాదాపు ఎగుడుదిగుడు లేకుండా నిలబడింది. ఆ గీత చూసిన సంతోషం పవర్ నంబర్ చూసినప్పుడు రాలేదు, నిజంగా.

ఇక్కడ పెట్రోల్ గురించి చెప్పాలి, పాత బండ్ల వాళ్ళంతా చదవాల్సిన ముక్క ఇదే. ఇప్పుడు బంకుల్లో పోస్తున్నది ఈ20, అంటే ఇరవై శాతం ఇథనాల్. మామూలు పెట్రోల్ పూర్తిగా కాలడానికి ఒక వంతుకి 14.7 వంతుల గాలి కావాలి, ఇథనాల్‌కి 9 చాలు, రెండూ కలిసిన ఈ20కి సుమారు 13.5. ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) ఉన్న కొత్త బండి సెన్సర్ చూసుకుని కొంతవరకు తనే సర్దుకుంటది, కార్బొరేటర్‌కి ఏం తెలుసు, జెట్‌లో బొక్క ఎంతుంటే అంతే వదులుతది. అందుకే పదేళ్ళ కింద బ్రహ్మాండంగా ట్యూన్ చేసిన బండి కూడా ఇప్పుడు పల్చగా నడుస్తుంటది, ఓనరేమో పాయింట్లు, ప్లగ్గులు, కాయిల్ మారుస్తూ కూర్చుంటాడు. నా గుంతలో కూడా దీని వాటా ఉందని కుర్రాడు అన్నాడు, నాకూ అదే అనిపిస్తుంది. ఇంకోటి, మీటర్‌లో కనిపించే 12.7 అనేది పెట్రోల్ స్కేలు, సెన్సర్‌కి తెలిసేది లాంబ్డా (పూర్తిగా కాలడానికి కావాల్సిన గాలిలో ఎంత వంతు అందుతుందనే లెక్క) ఒక్కటే, అతను స్క్రీన్‌ని లాంబ్డాకి మార్చి 0.86 చూపించాడు. మీ ట్యూనర్‌కి ఈ తేడా తెలుసో లేదో ఒక ప్రశ్న వేసి చూడండి, తెలియకపోతే దండం పెట్టి వచ్చేయండి. అన్నట్టు పాత రబ్బరు పెట్రోల్ పైపులు ఇథనాల్‌కి ఉబ్బి పగులుతాయి, డైనో మీద బండి ఎర్రగా కాలుతున్నప్పుడు పైపు పగిలితే ఇక చెప్పక్కర్లేదు, పైపులన్నీ మార్పించి పోండి.

టైమింగ్ దగ్గర కూడా ఒక పాఠం అయింది. డిస్ట్రిబ్యూటర్ మొత్తం అడ్వాన్స్, అంటే పిస్టన్ పైకి చేరకముందే ఎంత ముందుగా స్పార్క్ పడుతుందో అది, 36 డిగ్రీలు పెట్టి ఉంది, రోడ్డు మీద అట్లా పెడితే షార్ప్‌గా ఉన్నట్టే అనిపిస్తది. ఇంజన్ బ్లాక్‌కి మైక్ లాంటిది ఒకటి బిగించి, నాకింగ్ (పెట్రోల్ తనంతట తానే పేలి కొట్టే చప్పుడు) వస్తుందేమో హెడ్‌ఫోన్లలో వింటూ 36 నుంచి రెండేసి డిగ్రీలు దించుకుంటూ కొట్టాడు. 32 వరకు దించినా పవర్ గీత కదల్లేదు, అంటే ఆ పైన ఉన్న నాలుగు డిగ్రీలూ ఉత్త రిస్కే, మే నెలలో మధ్యాహ్నం ఉప్పల్ ట్రాఫిక్‌లో నిలబడి వేడెక్కిన ఇంజన్ నాకింగ్ కొట్టి పిస్టన్ నమిలేయడానికి తప్ప దేనికీ పనికిరావు. 32 దగ్గరే లాక్ చేయించా. ఎక్కువ ఆక్టేన్ ఉన్న ప్రీమియం పెట్రోల్ పోయాలా అని అడిగితే ఈ కంప్రెషన్‌కి మామూలుదే చాలు, డబ్బు దండగ అన్నాడు. నేను మాత్రం ఎండాకాలం ప్రీమియం పోస్తా, అది నా భయం.

పవర్ నంబర్ల గురించి రెండు ముక్కలు, ఎందుకంటే అందరూ అడిగేది అదే. 79 అనేది చక్రాల దగ్గర. ఇంజన్ దగ్గర ఎంత అంటే ఎవరికి తోచింది వాళ్ళు కలుపుతారు, గేర్ బాక్స్, షాఫ్ట్, క్రౌన్ పినియన్ కలిసి పదిహేను శాతం దాకా తింటాయని మోటు లెక్క. హైదరాబాద్ సముద్ర మట్టానికి 500 మీటర్లకి పైనే ఉంది కాబట్టి గాలి కొంచెం పల్చన, చెన్నైలో ఇదే ఇంజన్ ఐదారు శాతం ఎక్కువే ఇస్తది, దాన్ని సరిచెయ్యడానికి సాఫ్ట్‌వేర్‌లో కరెక్షన్ ఉంటది. అందులోనూ ఎస్ఏఈ అని ఒకటి, ఎస్‌టీడీ అని ఒకటి, రెండోది పెడితే అదే పుల్ నాలుగు శాతం ఎక్కువ చూపిస్తది. ఫ్రెండ్ 84 వచ్చింది అంటే ముందు ఏ కరెక్షన్ అని అడగండి, సగం గొడవలు అక్కడే తీరిపోతాయి. ఒకే డైనో మీద ముందు, తర్వాత, ఆ రెండే పోల్చుకోవాలి. నా షీట్‌లో అసలు విషయం 3000 దగ్గర పెరిగిన టార్క్, ఇంచుమించు పాతిక న్యూటన్ మీటర్లు, పీక్‌లో వచ్చిన ఎనిమిది గుర్రాలు దాని పక్కన బోనస్సే.

ఇక చిరాకులు. పొద్దున తొమ్మిదికి రమ్మన్నారు, బండి రోలర్ ఎక్కేసరికి మధ్యాహ్నం దాటింది, మధ్యలో ఒక జర్మన్ కారు వచ్చింది, ఓనర్ రెగ్యులర్ కస్టమర్ అట, అది ముందు ఎక్కింది. అడిగితే "పది నిమిషాల పని సార్" అని రిసెప్షన్‌లో చెప్పారు, ఆ పది నిమిషాల్లో నేను చాయ్ తాగి, భోజనం చేసి, మళ్ళీ చాయ్ తాగా. బుకింగ్ అంటే బుకింగ్ అయి ఉండాలి కదా.

బండిని కట్టే దగ్గర ఇంకో టెన్షన్. వాళ్ళ బెల్టులు, హుక్కులు కొత్త కార్లకి సెట్ అయ్యేవి, వెనక కమాన్ పట్టీలు, ఇరుసు హౌసింగ్ ఉన్న బండిని ఎక్కడ కట్టాలో హెల్పర్‌కి తెలియదు. హౌసింగ్ చుట్టూ బెల్ట్ తిప్పి బిగించబోతే సరిగ్గా దాని కింద బ్రేక్ పైపు. నేను పక్కన ఉన్నాను కాబట్టి సరిపోయింది, అరిచి ఆపించా. మీది పాత బండి అయితే ఏసీ రూములో కూర్చోకండి, కట్టేటప్పుడు కింద వంగి చూడండి, వాళ్ళు ఫీలైనా పర్వాలేదు.

ముందు పెట్టిన ఫ్యాన్ కూడా ఈ ఇంజన్‌కి సరిపోలేదు. పుల్ పుల్‌కీ మధ్య టెంపరేచర్ దిగేదాకా ఆగాల్సి వచ్చింది, మీటర్ మాత్రం గంట లెక్కన తిరుగుతూనే ఉంది. ఆ ఆగిన టైమ్‌కి డబ్బులు వద్దని కుర్రాడు అన్నాడు, బిల్లులో మాత్రం వచ్చింది, అడిగితే కొంత తగ్గించారు. మొత్తం ఇరవై వేలు దాటింది, జీఎస్టీతో కలిపి. జెట్లకి పెట్టింది వేరే.

జెట్లు అంటే గుర్తొచ్చింది, వాళ్ళ దగ్గర వెబర్ జెట్ ఒక్కటి కూడా లేదు. ఫోన్‌లో ముందే అడిగాను కాబట్టి ఐడిల్, మెయిన్, ఎయిర్ కరెక్టర్ ప్రతిదాంట్లో అటూ ఇటూ సైజులు తెప్పించి డబ్బాలో పట్టుకుపోయా, రెండు కార్బొరేటర్లకి నాలుగు గొంతులు కాబట్టి ప్రతి సైజూ నాలుగేసి ఉండాలి. ఒరిజినల్ కొనండి, నకిలీ జెట్ల మీద 130 అని రాసి ఉన్నా నాలుగింటికీ నాలుగు బొక్కలు, అట్లాంటివి వేసి డైనో ఎక్కితే గంటకి వేలు పోసి జెట్ల తప్పులు కొలుచుకున్నట్టే. అట్లాగే సెన్సర్ బిగించే నట్టు సైలెన్సర్ పైపుకి, నాలుగు పైపులు ఒకటయ్యే చోటు దాటాక, ముందే వెల్డింగ్ చేయించుకుని పోండి. లేకపోతే వెనక పైపులో గొట్టం దూర్చి కొలుస్తారు, మధ్యలో ఎక్కడ చిన్న లీకు ఉన్నా బయటి గాలి కలిసి లెక్క పల్చగా చూపిస్తది, దాన్ని నమ్మి పెట్రోల్ పెంచితే మళ్ళీ మసి. టాపెట్లు, కంప్రెషన్, క్లచ్ ఇంట్లోనే చూసుకోవాలి, వాళ్ళు చూడరు. ఇంజన్ మార్చినవాళ్ళు ఆర్సీలో ఎక్కించుకోండి, మోటార్ వాహనాల చట్టం సెక్షన్ 52 ఉండనే ఉంది, ఎక్కించకపోతే రేపు ఇన్సూరెన్స్ క్లెయిమ్ దగ్గర తెలుస్తది.

ఎవరికి అవసరం, ఎవరికి లేదు అంటే, కంపెనీ కార్బొరేటర్‌తో నడిచే మామూలు పద్మినీకో అంబాసిడర్‌కో ఇది అనవసరం, మంచి ఉస్తాద్ చాలు. ఇంజన్ మార్చి, క్యామ్ మార్చి, వేరే కార్బొరేటర్లు పెట్టిన బండికి మాత్రం ఇది లేకుండా పూర్తయింది అనకండి. నంబర్ పెంచి చూపిస్తాం అనే చోటుకి పోకండి, మీ గీత మీకు చూపించి ఇది ఎందుకిట్లా ఉందో చెప్పే మనిషి ఉన్న చోటుకి పోండి. నా మార్కులు కుర్రాడికి 5కి 4.5, షాపు నడిపే పద్ధతికి 2.5.

వచ్చాక షీట్ తీసుకెళ్ళి ఉస్తాద్‌కి చూపించా. గీతలు ఆయన పట్టించుకోలేదు, తాళాలు తీసుకుని ఒక రౌండ్ వేసొచ్చి, "జెట్టు చిన్నది చేస్తే పికప్ ఎట్లా పెరిగింది సాబ్" అని అడిగాడు. ఐడిల్ జెట్ సంగతి చెప్తే కాసేపు గడ్డం గోక్కుని, తన దగ్గరున్న ఇంకో వెబర్ బండికి 55 దొరుకుతాయా అన్నాడు. మిగిలినవి ఇచ్చేశా.

ఇప్పుడు బండి సెకండ్‌లో ఫ్లైఓవర్ మీద తడబడకుండా లాగుతుంది, పొద్దున చల్లటి స్టార్ట్ కూడా మారింది, సిటీలో ఫోర్త్‌లో వదిలేసి తిరగొచ్చు. డైనో మీద బయటపడ్డ ఇంకో విషయం మాత్రం మిగిలింది, 110 దాటాక కింద నుంచి సన్నటి వణుకు, రోడ్డు మీద టైర్లదేమో అనుకునేవాణ్ణి, కానీ ముందు చక్రాలు తిరగని రోలర్ల మీద కూడా అదే వణుకు వచ్చింది, వెనక టైర్లు, రిమ్ములు మార్చి చూసినా పోలేదు. కొత్త గేర్ బాక్స్‌కి సరిపోవాలని ప్రొపెల్లర్ షాఫ్ట్ కోసి అతికించారు కదా, అనుమానం దాని మీదే, యూజే క్రాసులు (షాఫ్ట్ కీళ్ళు) కొత్తవే. షాఫ్ట్‌ని మిషన్ మీద పెట్టి బ్యాలెన్సింగ్ చేసేవాళ్ళు, లారీలవి కాదు కార్లవి, రాణిగంజ్ వైపు గానీ ఆటోనగర్‌లో గానీ మీకు తెలిసినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి.